షెడ్డులో ఆయ్ అనకూడదు

వీరబాబు షెడ్డులో ఎవరూ ఆయ్ అనకూడదు. అది అక్కడి చట్టం.

కోనసీమలో పుట్టి ఆయ్ అనకుండా బతకమంటే ఎలా కుదురుతుంది చెప్పండి! ఇక్కడ భోజనం అయిందా అంటే ఆయ్. ఇంకా కాలేదా అన్నా ఆయ్. ఎదుటి మనిషి మాటకి అడ్డు చెప్పడం మనవాళ్ళకి చేతకాదు. అవునో కాదో తరవాత చూసుకోవచ్చు, ముందు ఆయ్ అనేస్తే ఆయన మనసు నొచ్చుకోదు కదా అన్నది మన లెక్క. అలాంటి సీమలో, అంబాజీపేట శివారున కాలవ గట్టు పక్కన రేకుల షెడ్డులో లారీల బ్రేకులు బాగుచేసే మనిషొకడు తన దగ్గర పనిచేసేవాళ్ళ చేత ఆ మాట మానిపించాడు. బ్రేకు పెడలు తొక్కి పట్టుకున్నవాడు, అది కాలి కింద జారిపోతే "దిగింది" అనాలి, లేదా "దిగలేదు" అనాలి. మూడో మాట లేదు. నోరు జారి ఎవడైనా ఆయ్ అన్నాడా, చేతిలో పానా పక్కన పెట్టేసి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ పూట ఇక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

డ్రైవర్లకి ఇదొక వేళాకోళం. "వీరబాబుగారి దగ్గరికా? అయితే నోరు ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళరా" అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవారు. పని పూర్తయ్యాక బండి ఇచ్చేముందు వీరబాబు తనే క్యాబిన్లోకి ఎక్కి, పెడలు మీద కాలు వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చునేవాడు. కునుకు తీస్తున్నాడని నవ్వుకునేవారు. అతనూ నవ్వి ఊరుకునేవాడు. కారణం అతనికొక్కడికే తెలుసు. భార్య సత్యదుర్గకి కూడా చెప్పుకోలేదు. అది తిన్న అన్నం ఒంటబట్టనివ్వని కారణం.

ఇంట్లో పెట్టిన పేరు వీరవెంకటరమణ. చదువు అబ్బక నూకరాజు మేస్త్రి షెడ్డులో చేరి వీరబాబు అయ్యాడు. అప్పట్లో అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తే లారీలు చాలామటుకు పాతవే. ఇప్పటి బళ్ళలాగా గాలి బ్రేకులు కావు, ఆయిలు బ్రేకులు. డ్రైవరు పెడలు తొక్కితే క్యాబిన్ కిందున్న మాస్టర్ సిలిండరు ఆయిల్ని చక్రాల దగ్గరున్న చిన్న సిలిండర్లకి తోస్తుంది. ఆ సిలిండర్లన్నిటిలో రబ్బరు కప్పులుంటాయి. మొత్తం బండి బరువు చివరికి ఆ గుప్పెడు రబ్బరు మీద ఆగుతుంది. బ్రేకు మెత్తబడిందంటే ఆయిలు ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా గొట్టాల్లోకి గాలి దూరి ఉండాలి, లేదా చక్రాల దగ్గర లైనింగు అరిగి ఎడం పెరిగి ఉండాలి, అదీ కాకపోతే లోపల కప్పులు మోసం చేస్తూ ఉండాలి. నాలుగు మాటల్లో చెప్పేశాను గాని, వీటిలో ఏదో తేల్చడానికి ఒక్కో మేస్త్రి బండంతా విప్పి గుట్ట పోసేవాడు.

నూకరాజు మేస్త్రికి ఆ అవసరం ఉండేది కాదు. ఆయన పనంతా వేళ్ళతోనే. సిలిండరు విప్పి, తుడిచి, లోపలికి చూపుడు వేలు పోనిచ్చి ఒక్క చుట్టు తిప్పేవాడు. వెంట్రుకంత గీత ఉన్నా, ఆవగింజంత తుప్పు గుంట ఉన్నా వేలు అక్కడ ఆగిపోయేది. "ఇదిగో, దొంగ ఇక్కడున్నాడు" అనేవాడు. కాకినాడ నుంచి కూడా బళ్ళు వచ్చేవంటే ఆ వేలి కోసమే. మనిషికి గర్వం ఉండేది, ఉండదా మరి! టీ తాగేటప్పుడు కూడా ఆ వేలు దూరంగా పెట్టి గ్లాసు పట్టుకునేవాడు.

ఆ గ్లాసు దగ్గరే వీరబాబుకి మొదటి అనుమానం వచ్చింది. మేస్త్రికి షుగరు పట్టి చాలా ఏళ్ళయింది. ఒకరోజు పొగలు కక్కుతున్న టీ గ్లాసుని ఆయన అయిదు వేళ్ళతోనూ గట్టిగా పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ అలా ఉండిపోయాడు. వేళ్ళు ఎర్రగా కందిపోయినా ఆయనకి తెలియలేదు. ఇంకో రోజు రేకు కోసుకుని రక్తం కారుతుంటే, "ఈ ఆయిలేమిటిరా ఎర్రగా ఉంది?" అన్నాడు. వీరబాబు గుడ్డ తెచ్చి కట్టాడు గాని, అది రక్తమని చెప్పలేదు.

తరవాత అల్లవరం నుంచి రొయ్యల బండి వచ్చింది. రొయ్యల బళ్ళకి పైన ఐసు కరిగి ఉప్పునీళ్ళు కింద ఇనుమంతా తినేస్తాయి. మేస్త్రి చక్రం సిలిండర్లో వేలు తిప్పి, "నున్నగా ఉంది, కప్పు మార్చి బిగించెయ్" అన్నాడు. వీరబాబు బిగించబోతూ చూస్తే, లోపల తుప్పు గుంటలు కంటికే కనిపిస్తున్నాయి. "మేస్త్రిగారండీ" అన్నాడు. "ఏరా?" అన్నాడాయన. అతను కాసేపు నీళ్ళు నమిలి, "ఏం లేదండి" అన్నాడు. మేస్త్రి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి ఒక కునుకు తీసి వస్తాడు. ఆ సమయంలో వీరబాబు సిలిండరు విప్పి, కొత్తది వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. సాయంత్రం బండి తీసుకెళ్తూ డ్రైవరు, "మీ వేలికి దండం పెట్టాలండి" అంటే మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

అది మొదలు అదే అలవాటైంది. మేస్త్రి భోజనానికి వెళ్ళడం, ఆయన చేసిన పనిని వీరబాబు విప్పి మళ్ళీ చెయ్యడం. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాడు. నిజానికి గురువు ముఖం మీద ఒక్క కాదన్న మాట చెప్పలేని పిరికితనం అది. దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాడు, అంతే.

తొంభై ఆరులో తుపాను వచ్చింది. దాని గురించి ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చెట్లు పడిపోయి కాయలన్నీ నేల పాలయ్యాయి. మొలకెత్తకముందే, కుళ్ళకముందే వాటిని పై రాష్ట్రాలకి పంపెయ్యాలని షావుకార్లు లారీల మీద పడ్డారు. రోడ్లు అప్పుడప్పుడే తెరుచుకున్నాయి. ఆ హడావుడిలో ఒక షావుకారుగారి పాత లారీ షెడ్డుకి వచ్చింది. డ్రైవరు జోజి. మంచివాడు, నవ్వు ముఖం, వీరబాబు ఈడువాడే. బ్రేకు మెత్తగా ఉందన్నాడు. షావుకారుగారు కూడా వెంట వచ్చి, షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బండి కదిలితే గాని తను కదలనన్నాడు.

మేస్త్రి చక్రాలన్నీ చూశాడు. ఎక్కడా కారడం లేదు. మాస్టర్ సిలిండరు విప్పించి, లోపలికి వేలు పోనిచ్చి తిప్పాడు. "నున్నగా ఉంది. కప్పులు మారిస్తే చాలు" అన్నాడు. కప్పులు మార్చారు. వీరబాబు ఆయన భోజనానికి ఎప్పుడు లేస్తాడా అని చూశాడు. షావుకారుగారు కూర్చుని ఉండగా ఆయనెలా లేస్తాడు? లేవలేదు.

ఇక గొట్టాల్లో గాలి తియ్యాలి. అది ఇద్దరి పని. పైన ఒకడు పెడలు నాలుగుసార్లు కొట్టి, నొక్కి పట్టుకుని "ఆయ్" అంటాడు. కిందున్నవాడు చక్రం దగ్గర నిపిలు, అంటే గాలి వదిలే చిన్న మర, వదులు చేసి, బుడగలతో ఆయిలు చిమ్మాక బిగించి "వదులు" అంటాడు. అలా చక్రం చక్రానికీ. అంతా అయ్యాక పైనున్నవాడు పెడలు మీద కాలు గట్టిగా ఆనించి ఉంచాలి. గోడకి కాలు తన్నిపెట్టినట్టు అది కదలకుండా ఉండాలి. ఆ సంగతి పైవాడి కాలికి తప్ప కిందవాడికి తెలిసే దారి లేదు. అతను ఏం చెబితే అదే.

మేస్త్రి వెనక చక్రం దగ్గర పడుకున్నాడు. వీరబాబు పెడలు నొక్కి పట్టుకున్నాడు. మొదట గట్టిగానే ఉంది. తరవాత, లంక మట్టిలో కాలు దిగినట్టు, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. వదిలి మళ్ళీ తొక్కాడు. పైకి లేచింది, మళ్ళీ దిగింది. బయట ఎక్కడా చుక్క కారడం లేదు. అంటే కొత్త కప్పు పక్కనుంచే ఆయిలు వెనక్కి జారుతోంది. లోపల తుప్పు గుంట ఉంది. వేలు చెప్పని సంగతి కాలు చెప్పేసింది.

"నిలబడిందా?" కిందనుంచి మేస్త్రి అడిగాడు.

షావుకారుగారు కుర్చీలోంచి లేచి క్యాబిన్ వైపే చూస్తున్నాడు. పక్కన జోజి. లేదండీ, మీ సిలిండరు పాడై ఉందండీ అని ఇప్పుడంటే, మేస్త్రి వేలు చచ్చిపోయిందన్న సంగతి సాయంత్రానికి అంబాజీపేటంతా తెలిసిపోతుంది. వీరబాబు పెడలు మీంచి కాలు తియ్యలేదు.

"ఆయ్" అన్నాడు.

కింద ఒక్క క్షణం చప్పుడు లేదు. తరవాత పానా తిరిగిన చప్పుడైంది.

జోజి చెవిలో వేద్దామనుకున్నాడు వీరబాబు, నెమ్మదిగా పోనివ్వండి, రేపు ఒకసారి తీసుకురండి అని. కాని జోజి నోరు మంచిదే గాని ఆగేది కాదు. టీ కొట్టు దగ్గర వాగేస్తాడు. ఎలాగూ నడిచే బండికి అలాంటి బ్రేకు పట్టేస్తుంది, కాలు ఆనించి నిలబెట్టినప్పుడు కదా మోసం చేసేది, దారంతా పల్లమూ మెరకా లేని నేలే కదా అని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. మన సీమలో మెరకంటే కాలవల మీద వంతెనలే. ఆ వంతెనలే అతనికి గుర్తు రాలేదు.

కాయల లోడుతో వెళ్తూ జోజి వంతెన ఎక్కుతుంటే ఎదురుగా బస్సు వచ్చింది. వంతెన ఇరుకు. జోజి మర్యాదస్తుడు, బస్సుకి దారి ఇద్దామని ఎక్కుడులోనే ఆపాడు. పెడలు దిగింది. మళ్ళీ కొట్టాడు, లేచింది, మళ్ళీ దిగింది. హ్యాండు బ్రేకు పేరుకే ఉంది. క్లీనరు దూకి టైరు కింద చెక్క పెట్టేలోపు లారీ వెనక్కి జారి గట్టు దాటి కాలవలోకి ఒరిగింది. కాయలు నీళ్ళమీద తేలుతూ పోయాయి. జోజి కుడి పాదం క్యాబిన్ రేకు కింద నలిగిపోయింది.

ప్రాణం దక్కింది, పాదం కూడా కుట్లతో మిగిలింది. కాని ఆ పాదంతో మళ్ళీ లారీ తోలలేనని జోజికి ఆసుపత్రి మంచం మీదే అర్థమైంది.

షెడ్డు ముందు జనం పోగయ్యారు. నూకరాజు మేస్త్రి అందరి ముందూ చేతులు జోడించాడు. "తప్పు నాదేనండి. చెయ్యి పట్టు తప్పింది. పెడలు మీద కుర్రాడికి నిలబడింది, తరవాత జారింది. అది నేను వేసిన కప్పే" అన్నాడు. ఆ వారంలోనే పానాల పెట్టె తెచ్చి వీరబాబు చేతిలో పెట్టాడు.

"మేస్త్రిగారండీ, ఆ రోజు నేను..." అని వీరబాబు మొదలుపెట్టాడు.

"నువ్వేం మాట్లాడకు" అన్నాడు మేస్త్రి. "ఇన్నేళ్ళ పనిలో ఒక్క బండేరా. ఒక్కటే. అది చాలదూ మనిషిని కూర్చోబెట్టడానికి?"

వీరబాబు పెట్టె పుచ్చుకున్నాడు. పుచ్చుకున్న చేతులు విరిచెయ్యాలనిపించింది. కాని పుచ్చుకున్నాడు.

తరవాత ఏళ్ళన్నీ అలాగే గడిచాయి. షెడ్డు బాగా నడిచింది. వీరబాబు ఎప్పుడు వెళ్ళినా మేస్త్రి భార్య మంగాయమ్మ తన చేతి వంట తిననిదే అతన్ని కదలనిచ్చేది కాదు. "ఆయన చేతి పని నీ దగ్గరే బతికుంది నాయనా" అంటూ పనసపొట్టు కూర కొసరి కొసరి వడ్డించేది. అతను తలెత్తకుండా తినేవాడు. అరుగు మీద మేస్త్రి వచ్చినవాళ్ళకల్లా అదే మాట చెప్పేవాడు. "ఒక్క బండేనండి నా చేతిలో పోయింది. ఆ ముందువన్నీ రాయిలా నిలబడ్డాయి. ఏం వీరబాబూ?" వీరబాబు తల ఊపి, చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

అటు జోజి. కొబ్బరి కొట్లో కాపలా పని దొరికింది. కుంటుకుంటూ షెడ్డు ముందునుంచే వెళ్ళేవాడు. ఒక్కోసారి చెప్పు ఎక్కడో జారిపోతే కొట్టుకి చేరాక గాని చూసుకునేవాడు కాదు. ఆగి వీరబాబుతో బీడీ కాలుస్తూ, "ఆ ముసలాడు నా కాలు తినేశాడండి. కళ్ళు కనబడనివాడికి పానా ఎందుకండీ? మీలాంటి మనిషి చేతిలో పడుంటే నా బతుకు ఇలా అయ్యేదా?" అనేవాడు. తేలు కుట్టిన దొంగలా వీరబాబు వినేవాడు. ఒక్కసారైనా కాదండీ అనలేదు. తన తప్పుకి ఇంకో మనిషి తిట్లు తింటుంటే పక్కన నిలబడి వినడం కంటే పాపం ఇంకేముంటుంది? అది తెలిసీ ఎనిమిదేళ్ళు విన్నాడు.

రెండువేల నాలుగులో జోజి బావమరిది మస్కట్ నుంచి వచ్చి ఒక పాత లారీ కొని, "నువ్వు దగ్గరుండి చూసుకో బావా" అని జోజికి అప్పగించాడు. జోజి ముఖంలో పాత నవ్వు మళ్ళీ వచ్చింది. డ్రైవర్ని పెట్టి రెండు ట్రిప్పులు తిప్పాడో లేదో, బండిని షెడ్డుకి తెచ్చాడు.

"బ్రేకు మెత్తగా ఉందండి వీరబాబుగారూ. రెండుసార్లు కొడితే గాని పట్టట్లేదండి" అన్నాడు.

వీరబాబు పనిలో దిగాడు. ఆయిలు డబ్బా చూశాడు, సరిపడా ఉంది. టైర్ల లోపలి వైపు తడి ఉందేమో చక్రం చక్రానికీ పాక్కుంటూ వెళ్ళి చూశాడు, లేదు. జాకీ ఎత్తి లైనింగుల ఎడం సరిచేశాడు. పనివాడి చేత పెడలు తొక్కించి, రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటీ గుప్పిట్లో పట్టుకున్నాడు. ముందు చక్రం గొట్టం తొక్కినప్పుడల్లా చేతిలో ఉబ్బుతోంది. అది మార్చాడు. గాలి తీశాడు. పెడలు చాలా బాగుపడింది. ఇంతలో మధ్యాహ్నమైంది, పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. వాళ్ళతోపాటు కొత్త డ్రైవరూ వెళ్ళాడు.

"ఆఖరుది నేను తొక్కుతానండి. నా బండి కదండీ, నా కాలితో నేను చూసుకోవాలండి" అన్నాడు జోజి. వీరబాబు వద్దనలేకపోయాడు. జోజి కుంటుకుంటూ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని, కుడి పాదం పెడలు మీద వేశాడు. ఆ సీట్లో కూర్చుని ఎన్నాళ్ళయిందో, స్టీరింగుని చేత్తో తడిమాడు.

వీరబాబు బండి కిందికి దూరాడు. ఈసారి చక్రం దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా పెడలు కిందికి వెళ్ళాడు. పెడలు నుంచి మాస్టర్ సిలిండర్లోకి వెళ్ళే కడ్డీ అక్కడినుంచి కనిపిస్తుంది.

"నొక్కి పట్టుకోండి జోజిగారూ. దిగిందా?"

"దిగలేదండి. రాయిలా ఉందండి."

కడ్డీ దిగుతోంది. వీరబాబు కళ్ళముందే, తొందర లేకుండా, లోపలికి జారిపోతోంది.

"సరిగ్గా చూడండి. దిగిందా?"

"దిగలేదంటున్నానుగదండీ! ఇంకేం చూడమంటారండీ?"

వీరబాబు కిందే ఉండిపోయాడు. పైనున్న మనిషి అబద్ధం ఆడటం లేదు. ఆ పాదానికి స్పర్శ లేదు, అంతే. దిగుతున్న పెడలు మీద కాలు వేసుకుని, అది నిలబడిందని సంతోషపడుతున్నాడు. ఇప్పుడు ఊరుకుంటే బండి సాయంత్రం వెళ్ళిపోతుంది. రేపు జోజి లేనప్పుడు డ్రైవరు చేత బండి మళ్ళీ తెప్పించి సిలిండరు మార్చెయ్యొచ్చు. జోజికి తన కాలి సంగతి ఎప్పటికీ తెలియనక్కర్లేదు. మేస్త్రికి చేసినట్టే, అచ్చం అలాగే.

బయటికి వచ్చాడు. క్యాబిన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"దిగింది జోజిగారూ. మీ కాలికి తెలియలేదు."

జోజి నవ్వబోయి ఆగాడు. కిందికి చూసుకున్నాడు. పెడలు నేలకి ఆనుకుని ఉంది. పాదం ఎత్తి, చేత్తో దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలు వేలూ నొక్కి చూసుకున్నాడు. "నాకు తెలీట్లేదేంటండీ" అన్నాడు చిన్నగా. "అయితే నేను మీకు అబద్ధం చెప్పేనా అండీ?"

ఇక వీరబాబు ఆపుకోలేకపోయాడు.

"మీరు తెలియక చెప్పేరు. నేను తెలిసి చెప్పేను" అన్నాడు. "ఆ రోజు మీ బండి పెడలు నా కాలి కింద ఇలాగే దిగింది. మేస్త్రిగారి వేళ్ళకి స్పర్శ పోయిందని నాకు తెలుసు. సిలిండరు పాడైందనీ తెలుసు. షావుకారుగారి ముందు ఆయనకి తలవంపులవుతాయని ఆయ్ అన్నాను. మీ కాలు తిన్నది ఆయన కాదు జోజిగారూ."

జోజి కిందికి దిగాడు. కొడతాడేమో అనుకున్నాడు వీరబాబు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. జోజి లారీ టైరుకి చేరగిలబడి, రోడ్డు మీద పోయే సైకిళ్ళ వంక చాలాసేపు చూశాడు.

"ఆయన తల వంగకూడదని నా కాలు ఇచ్చేసేరన్నమాట" అన్నాడు చివరికి. మళ్ళీ తనే అందుకున్నాడు.

"సరేలెండి, నా కాలు పోయింది, పోనీ. ఈ ఎనిమిదేళ్ళూ ఆ పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టేనండి. మీ ఎదురుగానే తిట్టేనండి. ఒక్కనాడు ఆపేరా మీరు?" అతను టైరు వదిలి నిలబడ్డాడు. "మీ మోపెడ్ తియ్యండి. ఆయన దగ్గరికి పదండి."

మోపెడ్ మీద వెనక జోజిని కూర్చోబెట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడు వీరబాబు.

మేస్త్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మంగాయమ్మ ఆయన వేళ్ళకి కొబ్బరినూనె రాస్తోంది. జోజిని చూసి ఆవిడ కంగారుగా లేచింది. ఇన్నేళ్ళలో అతను ఆ గడప తొక్కలేదు. వీరబాబు కూర్చోలేదు. నిలబడే ఆ రోజు జరిగింది చెప్పాడు. మేస్త్రి అడ్డు రాకుండా విన్నాడు.

"మిమ్మల్ని తిట్టరాని తిట్లు తిట్టేనండి" అన్నాడు జోజి. "తప్పయిపోయిందండి."

"నీ కాలు పోయింది, నువ్వు తిట్టకపోతే ఎవరు తిడతారయ్యా? కూర్చో" అన్నాడు మేస్త్రి. తరవాత వీరబాబు వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అంతకంటే భరించలేనిది ఏదో ఉంది, ఆశలాంటిది.

"అయితే ఆ ఒక్క బండే కదరా? ఆ ముందువన్నీ బాగానే నిలబడ్డాయి కదూ?"

మంగాయమ్మ వీరబాబు కళ్ళలోకి చూసింది. నూనె చేతులు రెండూ చీర కొంగులో బిగించి పట్టుకుని, చెప్పకు నాయనా అన్నట్టు చూసింది. రొయ్యల బండి దగ్గర్నుంచి విప్పి బిగించిన బళ్ళన్నీ వీరబాబు కళ్ళముందు కదిలాయి. ముసలాయనకి మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా లాక్కోవాలా?

"ఆయ్" అన్నాడు.

మేస్త్రి వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"ఆ రోజూ ఇలాగే అన్నావురా" అన్నాడు. "కింద పడుకున్నవాడికి పైవాడి గొంతు తెలీదనుకున్నావా? నిజం ఆయ్ వేరు. ఇది వేరు. ఆ రోజు నేను విన్నాను. షావుకారు నిలబడ్డాడని నేనూ విననట్టు నిపిలు బిగించేసేను. జోజీ, సగం పాపం నాది. అది నేను ఎవరికీ చెప్పలేదు."

వీరబాబు అరుగు కింద నేలమీదే కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు మేస్త్రి. "అదొక్కటేనా?"

"లేదండి."

మంగాయమ్మ ముఖం తిప్పుకుంది.

"నా చేతి పనిని విప్పి చూడాలంటే మొదటినుంచీ విప్పాలి. మధ్యలో పట్టుకుంటే తప్పు దొరకదు. ఏ బండితో మొదలైంది?" అన్నాడు మేస్త్రి.

"అల్లవరం రొయ్యల బండండి" అన్నాడు వీరబాబు. "వెనక చక్రం సిలిండర్లో తుప్పుందండి. మీరు భోజనానికి వెళ్ళేక మార్చేసేను."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఆ బండి గుర్తొచ్చినట్టుంది. నూనె జిడ్డుతో మెరుస్తున్న చూపుడు వేలు గాలిలో ఎత్తి, కనిపించని సిలిండర్లో ఒక్క చుట్టు తిప్పి, ఆపాడు.

"తరవాతది?" అన్నాడు.